చిన్న పడవా, 32 అడుగుల పడవా: బ్రిస్టల్ బేలో ఎవరికి ఏది అందుతుంది?

మన తీరంలో అల్యూమినియం పడవలు దాదాపు కనిపించవు. సముద్రంలో ఫైబర్ బోట్లు, తెప్పలు. చెరువుల్లో, రిజర్వాయర్లలో పుట్టిలు. కాబట్టి అల్యూమినియం పడవ చిన్నది కొనాలా, పెద్దది కొనాలా అనే ప్రశ్న మనకు సంబంధం లేనిదిగా అనిపించవచ్చు. అమెరికాలోని అలాస్కా రాష్ట్రంలో, బ్రిస్టల్ బే ఒడ్డున, మూలవాసుల ఇళ్లలో ఈ ప్రశ్న ప్రతి తరంలోనూ వస్తుంది. అక్కడ పడవను ఎంచుకోవడమంటే ఏ పర్మిట్, ఎన్ని బారల వల, ఎంత అప్పు, మొత్తం వేటలో ఎంత వాటా అన్నవి కూడా ఎంచుకోవడమే. ఎంచుకునే అవకాశం అందరికీ ఉందా అన్నది వేరే సంగతి. అందుకే ఈ రెండు పడవల లెక్కను కాస్త విప్పి చూడాలనుకున్నాం.

బ్రిస్టల్ బే నదుల్లోకి వచ్చే సాకై సాల్మన్ చేపల గుంపు ప్రపంచంలోనే అతి పెద్దది. 2022లో దాదాపు 7.9 కోట్ల చేపలు వచ్చాయి, అందులో 6 కోట్ల దాకా పట్టారు. సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టడానికి పుట్టిన నదికే తిరిగొచ్చే చేప ఇది. సీజన్ జూన్ మధ్యలో మొదలై జూలైతో దాదాపు ముగుస్తుంది. ఏడాది బతుకంతా ఆ ఐదారు వారాల్లోనే తేలాలి. యూపిక్, దెనైనా, అలూటిక్ ప్రజలు వేల ఏళ్లుగా ఈ చేపను ఎండబెట్టి, పొగబెట్టి దాచుకుని తింటున్నారు. ఇంటి తిండి కోసం పట్టుకునే వేటకు వేరే నిబంధనలున్నాయి. మనం ఇక్కడ మాట్లాడేది అమ్మకం కోసం చేసే వేట గురించి.

రెండు పడవలు

చిన్నదాన్ని స్కిఫ్ అంటారు. 20 నుంచి 24 అడుగుల పొడవు, అడుగు చదునుగా ఉంటుంది, పైన కప్పు ఉండదు, పడుకోవడానికి చోటుండదు. వెనక ఒక మోటారు తగిలిస్తారు. ఇద్దరి నుంచి నలుగురు ఎక్కుతారు. దీనితో చేసేది కట్టు వల వేట. వలను ఒక కొస ఒడ్డు వైపు, మరో కొస నీళ్లలో లంగరు వేసి కట్టేస్తారు. ఈదుకొచ్చే చేప మొప్పల దగ్గర కన్నుల్లో చిక్కుకుంటుంది. పడవను వల కిందికి తెచ్చి, వలను పడవ మీదుగా లాగుతూ ఒక్కో చేపనూ చేత్తో విడిపిస్తారు. ఈ అఖాతంలో కొన్నిచోట్ల పోటుకూ పాటుకూ మధ్య నీటిమట్టం ఆరు మీటర్లకు పైగా మారుతుంది. పాటు తీసినప్పుడు వల, పడవ, మనుషులు అందరూ బురద మీదే ఉంటారు. అక్కడ ఆగగలిగిన పడవే పనికొస్తుంది.

ఒక కట్టు వల పర్మిట్‌కు 50 బారల వల వేసుకోవచ్చు. బార అంటే రెండు చేతులూ చాపిన పొడవు, ఆరు అడుగులు. మన జాలర్ల కొలతా, అలాస్కా చట్టంలోని కొలతా ఒకటే అయ్యాయి.

పెద్ద పడవ పొడవు 32 అడుగులు. అంతకు మించితే చట్టం ఒప్పుకోదు, లంగరు రోలర్ లాంటి కొన్ని అమరికలకే మినహాయింపు. దీనికి గది, నాలుగు పడకలు, డీజిల్ ఇంజిను, వలను చుట్టే హైడ్రాలిక్ చక్రం ఉంటాయి. కొత్తవాటిలో సముద్రపు నీటిని చల్లబరిచి చేపల అరల్లో తిప్పే యంత్రం కూడా ఉంటుంది. వలను దేనికీ కట్టరు. నీటి వాలుకు వదిలి, దానితోపాటు పడవ కూడా సాగుతుంది. ఒక పర్మిట్‌కు 150 బారల వల. ఇద్దరు పర్మిట్‌దారులు ఒకే పడవ మీద కలిసి వేటాడితే 200 బారలు. చేప ఎటు పోతే పడవా అటే పోగలదు. కట్టు వలకు ఆ వీలు లేదు, చేప ఈ రేవు తప్పించి అవతలి గట్టు వెంట పోతే చూస్తూ కూర్చోవాల్సిందే.

ఎవరికి ఎంత వాటా అన్నది కూడా రాష్ట్రమే పంచిపెట్టింది. నుషగాక్ జిల్లాలో వేటాడిన సాకైలో 74 శాతం సాగే వలలకు, 26 శాతం రెండు చోట్ల ఉన్న కట్టు వలలకు. వేరే జిల్లాల్లో కట్టు వలల వాటా ఇంకా తక్కువ. పర్మిట్ల సంఖ్య చూస్తే పెద్ద పడవలవి 1,800కు పైగా, కట్టు వలలవి వెయ్యికి కాస్త తక్కువ. సగటున మనిషికి ఎంత పడుతుందో ఈ అంకెల్లోనే కనిపిస్తుంది.

అల్యూమినియమే ఎందుకు?

పాత పడవలు చెక్కవి, తర్వాత ఫైబర్‌గ్లాసు వచ్చింది, ఇప్పుడు కొత్తగా కట్టేవాటిలో అల్యూమినియానిదే పైచేయి. ఒకే పరిమాణం ఉక్కుతో పోలిస్తే ఇది మూడో వంతు బరువే ఉంటుంది. తేలిక పడవ తక్కువ లోతులోకి పోగలదు, తక్కువ నూనె తాగుతుంది. పైగా ఇక్కడ జిల్లా సరిహద్దు గీత దగ్గర చేప ముందుగా దొరుకుతుందని వందల పడవలు ఒకదాన్నొకటి నెట్టుకుంటూ వలలు వేస్తాయి. గుద్దుకుంటే ఫైబర్ పగులుతుంది, అల్యూమినియం సొట్టపోతుంది. సొట్టతో సీజన్ గడిచిపోతుంది. పగులుతో గడవదు. చలిలో, తేమలో ఫైబర్ అతుకు గట్టిపడటం కూడా కష్టమే.

అల్యూమినియం పడవలు రెండు రకాలు. పలుచటి రేకును రివెట్లతో బిగించినవి చవక, తేలిక. అలల దెబ్బకు ఏళ్లు గడిచేకొద్దీ రివెట్లు వదులై నీరు ఊరుతుంది. మందపాటి పలకలను వెల్డింగ్ చేసినవి బరువు, ఖరీదు, గట్టివి. ఇంటి తిండికి నదిలో తిరగడానికి మొదటి రకం చాలు. వేల పౌన్ల చేపను వేసుకుని బురద మీద కూలబడి లేచే పనికి రెండోదే కావాలి. చిన్న పడవే కదా అని రివెట్ల పడవతో కట్టు వల వేటకు దిగితే రెండు మూడు సీజన్లలో మళ్లీ కొనాల్సి వస్తుంది.

ఈ లోహానికి ఒక జబ్బుంది. ఉప్పునీటిలో రాగి, ఇత్తడి లాంటి వేరే లోహం తగిలితే అల్యూమినియమే తినేయబడుతుంది. బ్యాటరీ వైరింగ్ సరిగా లేకపోయినా అంతే. అందుకే పడవకు జింకు దిమ్మలు బిగిస్తారు, తుప్పు ముందు వాటిని తింటుంది. పాత పడవ కొనేవాళ్లు రంగు చూసి మోసపోకుండా అడుగున, అతుకుల వెంట, ఇంజిను కింద గుంటలు పడ్డాయేమో వేలితో తడిమి చూడాలి. వెల్డింగ్ చేసిన చోట లోహం కాస్త బలహీనపడుతుంది కాబట్టి పగుళ్లు మొదలయ్యేదీ అక్కడే.

ప్రాణాల సంగతి కూడా చెప్పాలి. చిన్న పడవ చేపతో నిండాక అంచు నీటికి జానెడు ఎత్తులోకి వస్తుంది. ఒక్క అల లోపలికొస్తే చాలు. ఆ నీళ్ల చలికి ఈత వచ్చినవాళ్లు కూడా ఎక్కువసేపు నిలవలేరు. పెద్ద పడవలోనూ బరువు తప్పుగా పేరుకుంటే తిరగబడుతుంది. కానీ గది, రేడియో, తోడు పడవలు దగ్గరగా ఉండటం వల్ల బతికి బయటపడే అవకాశం ఎక్కువ.

పొడవును కొలిచిన చట్టం

32 అడుగుల హద్దు ఎక్కడిది? 1880లలో కేనరీలు, అంటే చేపను డబ్బాల్లో నింపే కంపెనీలు, బ్రిస్టల్ బేకు వచ్చాయి. పడవలు కంపెనీలవే. వేటకు బయటి నుంచి యూరప్ వలస జాలర్లను, ఫ్యాక్టరీ పనికి చైనా, తర్వాత ఫిలిప్పీన్స్ కూలీలను ఓడల్లో తెచ్చాయి. నది ఎవరిదో ఆ ప్రజలకు మాత్రం కంపెనీ పడవల్లో చోటు దొరకడం అరుదు. 1919లో ఇన్‌ఫ్లుయెంజా ఈ ప్రాంతాన్ని ఊడ్చేసి ఎందరో పిల్లలను అనాథలను చేసింది. రెండో ప్రపంచ యుద్ధంలో బయటి జాలర్లు దొరకని పరిస్థితి వచ్చాకే స్థానికులను పెద్ద ఎత్తున పడవల్లోకి తీసుకున్నారు.

ఇంకో వింత ఏమిటంటే 1951 దాకా ఇక్కడ అమ్మకపు వేటలో మోటారు పడవలు నిషేధం. తెరచాప పడవలే వాడాలి. చేపల రక్షణ కోసమని చెప్పారు. మోటారు లేని పడవను వేట దగ్గరికి లాక్కుపోవాలంటే కంపెనీ ఓడే దిక్కు కాబట్టి, జాలరి కంపెనీ గుప్పిట్లోనే ఉండేవాడన్నది మా అభిప్రాయం. నిషేధం ఎత్తేశాక మోటార్లు వచ్చాయి, పొడవు హద్దు మాత్రం 32 అడుగుల దగ్గర నిలిచింది. బయటి పెద్ద ఓడలు వచ్చి ఊడ్చుకుపోకుండా అది ఈనాటికీ ఒక అడ్డుకట్టే.

అయితే ఆ చట్టం పొడవునే కొలిచింది. వెడల్పును, ఎత్తును, ఇంజిను బలాన్ని కొలవలేదు. పాత తెరచాప పడవ వెడల్పు తొమ్మిది అడుగుల దరిదాపుల్లో ఉండేది. ఇవాళ కడుతున్నవి 15, 16 అడుగులకు పోతున్నాయి. పొడవు మారకుండానే పడవ రెట్టింపు వైశాల్యానికి దగ్గరైంది. దానికి ఎత్తు, బలమైన ఇంజిన్లు, చల్లబరిచే యంత్రం తోడయ్యాయి. ఒడ్డున నిలబెడితే పడవలా కాక పెట్టెలా కనిపిస్తాయి. పేరుకు అందరివీ 32 అడుగులే. ఊరి జాలరి దగ్గరున్న ముప్పై, నలభై ఏళ్ల నాటి ఇరుకు పడవా, లక్షల డాలర్లు పోసి కట్టిన వెడల్పు పడవా చట్టం కళ్లకు సమానం. మన తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజుల వేట నిషేధం మోటారు ఉందా లేదా అన్నది చూస్తుంది. ఏ చట్టమైనా ఏదో ఒకదాన్ని కొలుస్తుంది, డబ్బున్నవాడు అది కొలవనిదాన్ని పెంచుకుంటాడు. ఒక నిబంధన న్యాయమైనదా కాదా అని చర్చించేటప్పుడు విద్యార్థులు ముందుగా అడగాల్సింది ఇది కొలుస్తున్నది ఏమిటని.

వెడల్పు పడవకు అసలు లాభం చల్లదనంలో ఉంది. చల్లబరిచిన చేపకు కొనుగోలుదార్లు పౌనుకు ఎక్కువ ఇస్తారు. చేప ఒక్కసారిగా ముంచెత్తి ఫ్యాక్టరీలు పట్టలేని రోజుల్లో కొనుగోలు మీద పరిమితులు పెడతారు. అప్పుడు చల్లటి అరలున్న పడవ ఆగగలదు, లేని పడవ ఆగలేదు. అంటే ఒకే నదిలో, ఒకే రోజు పట్టిన ఒకే చేపకు పడవను బట్టి ధర మారుతోంది.

పర్మిట్ అనే కాగితం

పడవ కొనగలిగినా వేటకు పర్మిట్ కావాలి. 1972లో రాజ్యాంగాన్ని సవరించి, 1973లో అలాస్కా పరిమిత ప్రవేశ చట్టం చేసింది. గతంలో ఎన్నేళ్లు వేటాడారు, వేట మీద ఎంతగా ఆధారపడ్డారు అన్నదానికి పాయింట్లు వేసి పర్మిట్లు ఇచ్చారు. వినడానికి న్యాయంగానే ఉంది. కానీ లెక్కలోకి వచ్చింది తన పేరుతో వల లైసెన్సు ఉన్నవాడే. అదే పడవలో ఏళ్ల తరబడి కూలీగా చేసినవాడు, భర్త పేరు మీద వల నడిపిన భార్య రుజువు చూపలేకపోయారు. ఇంగ్లిషు ఫారాలు, గడువులు, రసీదులు. పట్టాదారు పుస్తకం లేని కౌలు రైతును చూసిన మనకు ఇదేమీ కొత్త కాదు.

తర్వాతి మలుపు ఇంకా గట్టిది. పర్మిట్‌ను అమ్ముకోవచ్చు, వారసులకు ఇవ్వచ్చు. కంపెనీలు కొనకూడదు, పర్మిట్ ఎవరి పేరున ఉందో వాళ్లే పడవ మీద ఉండాలి. ఇది మంచి నిబంధనే, దీనివల్లే ఇక్కడి వేట పూర్తిగా కార్పొరేట్ల చేతికి పోలేదు. కానీ పడవ మీద ఉండాల్సిన ఆ మనిషి ఊరివాడై ఉండాలని ఎక్కడా లేదు. చేప రాని ఏడాది, జబ్బు చేసిన ఏడాది, ఊళ్లో బ్యాంకు అప్పు పుట్టని మనిషి దగ్గర అమ్మడానికి ఉన్నది ఆ కాగితమే. కొనేవాడు వేరే రాష్ట్రంలో ఉంటాడు, ఆరు వారాల కోసం విమానంలో వచ్చి వెళ్తాడు. అలా బ్రిస్టల్ బే నివాసుల చేతుల్లోని పర్మిట్లు మొదట ఇచ్చినప్పటితో పోలిస్తే సుమారు సగానికి పడిపోయాయి. పెద్ద పడవల పర్మిట్లలో ఈ నష్టం ఎక్కువగా కనిపిస్తుంది.

దీనికి ముందు 1971లో జరిగింది కూడా గుర్తుంచుకోవాలి. అలాస్కా మూలవాసుల భూ హక్కుల పరిష్కార చట్టం వాళ్లకు భూమి, డబ్బు ఇచ్చి, వేట, చేపల మీదున్న ఆదిమ హక్కులను రద్దు చేసింది. వాషింగ్టన్ రాష్ట్రంలో అలా కాలేదు. అక్కడి తెగలకు 1850ల నాటి ఒప్పందాలున్నాయి. వాటి ఆధారంగా 1974లో జడ్జి బోల్ట్ తీర్పు ఆ తెగలకు చేపల్లో సగం వాటాను గుర్తించింది. ఒకచోట సామూహిక హక్కు, మరోచోట ఒక్కొక్కరి చేతిలో అమ్ముకోదగ్గ కాగితం. రెండూ మూడేళ్ల తేడాలోనే జరిగాయి.

అప్పు లెక్క

ఇక ఊహ కోసం ఒక లెక్క వేద్దాం. పెద్ద పడవ సీజన్లో లక్షన్నర పౌన్లు పట్టిందనుకుందాం, చిన్న పడవ 30 వేల పౌన్లు. 2022లో కొనుగోలుదార్లు ఇచ్చిన మూల ధర పౌనుకు డాలరు 15 సెంట్లు. అంటే పెద్ద పడవకు 1,72,500 డాలర్లు, చిన్న పడవకు 34,500. 2023లో మూల ధర 50 సెంట్లకు పడింది. అదే చేపకు పెద్ద పడవకు 75,000, చిన్న పడవకు 15,000.

రెండింటికీ దెబ్బ ఒకే శాతం. కానీ పెద్ద పడవ 75 వేలలోంచి ముగ్గురు సహాయకులకు తలా పదో వంతు ఇస్తే 52,500 మిగులుతుంది. అందులో డీజిలు, భీమా, వలలు, మరమ్మతు, పడవను ఒడ్డున నిలిపే అద్దె పోవాలి. ఆ తర్వాత పడవ అప్పు, పర్మిట్ అప్పు. కొత్త వెడల్పు పడవ ఐదు లక్షల డాలర్లు దాటడం మామూలు. పర్మిట్ ధర కూడా నిలకడగా ఉండదు. పెంపకపు సాల్మన్ మార్కెట్‌ను ముంచిన 2002లో పెద్ద పడవ పర్మిట్ సుమారు 20 వేల డాలర్లకు పడిపోయింది, ఇరవై ఏళ్ల తర్వాత రెండు లక్షలు దాటింది. మంచి ధర చూసి 2022లో అప్పు చేసినవాడు మరుసటి ఏడాదే ఎక్కడ నిలబడ్డాడో ఈ అంకెలు చెబుతున్నాయి. చిన్న పడవవాళ్లూ 15 వేలతో ఏడాది గడపలేరు. కాకపోతే పదుల వేల డాలర్లలో ముగిసే పడవకు వాళ్లు ఇల్లు పోగొట్టుకోనక్కర్లేదు.

మేమైతే ఏం చెబుతాం

చిన్న పడవను పొగిడి ఊరుకోవడం మాకు ఇష్టం లేదు. మూలవాసులకు చిన్నదే సరిపోతుంది, అది వాళ్ల సంస్కృతి అని బయటివాళ్లు చెప్పే తీపి మాట వెనక 74 శాతం వాటా ఎవరికి పోతోందన్నది దాగిపోతుంది. ఊరి యువకుడు పెద్ద పడవ కావాలనుకోవడం దురాశ కాదు.

ఇంట్లో పెద్ద పడవ పర్మిట్ ఇంకా మిగిలి ఉంటే ఎంత కష్టమైనా అమ్మకూడదన్నది మా మొదటి మాట. కొత్త పడవ కోసం పరుగెత్తకుండా పాత ఇరుకు అల్యూమినియం పడవనే అడుగు, అతుకులు చూపించుకుని వాడుకోవచ్చు. డబ్బు పెట్టాల్సింది ముందు చల్లదనం మీద. యంత్రం కొనలేకపోతే మంచు, దాన్ని నిలిపే అరలు. పౌనుకు వచ్చే అదనపు ధర వెడల్పు కంటే త్వరగా చేతికొస్తుంది. బంధువు దగ్గర ఇంకో పర్మిట్ ఉంటే రెండూ ఒకే పడవ మీద పెట్టి 200 బారలతో వేటాడటం, ఒక్కడే కొత్త అప్పు చేయడం కంటే మేలు.

పర్మిట్ లేని ఇంటికి కట్టు వలతో మొదలుపెట్టడమే దారి. వెల్డింగ్ పడవే కొనాలి, వెడల్పు ఎక్కువున్నది, అంచు ఎత్తుగా ఉన్నది. ఒడ్డు స్థలం లీజు కాగితాలు ఎవరి పేరున ఉన్నాయో పడవ కంటే ముందు చూసుకోవాలి. కట్టు వలల దగ్గర ఆడవాళ్లు సొంత పర్మిట్‌తో, సొంత పడవతో వేటాడటం పెద్ద పడవల్లో కంటే ఎక్కువగా కనిపిస్తుంది. పిల్లలు పని నేర్చుకునేదీ అక్కడే. రేపు పెద్ద పడవ ఎక్కేవాళ్లు ఇక్కడి నుంచే రావాలి.

ఒక్క కుటుంబం ఎంత బాగా ఎంచుకున్నా పర్మిట్లు ఊరికి తిరిగిరావు. సముద్రపు వేటలో కొంత వాటాను తీరప్రాంత గ్రామాలకు కేటాయించే పథకం 1992లో మొదలైంది. దాని కింద ఏర్పడిన బ్రిస్టల్ బే ఆర్థికాభివృద్ధి సంస్థ 17 గ్రామాల కోసం పనిచేస్తోంది. పర్మిట్ కొనే స్థానికులకు రుణ సాయం, పడవలు బాగుచేసుకునేందుకు సాయం అందిస్తోంది. అయినా తిరిగి కొన్న పర్మిట్ మళ్లీ వ్యక్తి చేతిలో అమ్ముకోదగ్గ కాగితమే.

32 అడుగుల హద్దును ఎత్తేయాలనే ప్రతిపాదనలు రాష్ట్ర మత్స్య బోర్డు ముందుకు పలుమార్లు వచ్చాయి. పొడవు పెరిగితే చేప నాణ్యత పెరుగుతుందని, భద్రత పెరుగుతుందని పెద్ద పడవలవాళ్ల వాదన. హద్దు పోతే ఇప్పుడున్న పాత పడవలకు విలువే ఉండదని స్థానికుల భయం. ఇప్పటిదాకా హద్దు నిలిచింది. బోర్డు ఈ అఖాతం నిబంధనలను మూడేళ్లకోసారి విచారిస్తుంది. సమావేశం తరచూ ఆంకరేజ్ నగరంలో ఉంటుంది. ఈ గ్రామాల నుంచి అక్కడికి రోడ్డు లేదు. డిల్లింగ్‌హామ్‌లోనో నాక్‌నెక్‌లోనో ఉండే జాలరి తనకు ఇచ్చే కొద్ది నిమిషాల మాట కోసం విమానం టికెట్టు కొనుక్కుని వెళ్లాలి.